అండమాన్‌లో పక్షులు, తాబేళ్లు, జైలు గోడలు: ఎన్ని రోజులు కావాలి, ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీరూ మీ శ్రీమతిగారూ యాభై దాటినవారు. నీటి ఆటల కోసం కాక, అక్కడి పక్షులను, తాబేళ్లను, సెల్యులార్ జైలును చూడడానికి అండమాన్ వెళ్లాలనుకుంటున్నారు. ట్రావెల్ ఏజెంటు ఐదు రాత్రుల్లో ఐదు దీవులు చూపిస్తానంటున్నాడు. అది సరిపోతుందా, ఏ నెలలో వెళ్లాలి, నికోబార్ కూడా కలుపుకోవచ్చా, జారవా గిరిజనుల అడవి మీదుగా వెళ్లే దారిలో ప్రయాణించాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఐదు రాత్రులు చాలవు. జనవరి చివరి వారానికీ ఫిబ్రవరి నెలాఖరుకూ మధ్య పది రాత్రులు పెట్టుకోండి. నాలుగు రాత్రులు రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో, రెండు స్వరాజ్ ద్వీప్‌లో, మూడు ఉత్తరాన దిగ్లీపూర్‌లో గడపండి. మిగిలిన ఒక్క రాత్రిని ఎక్కడా కేటాయించకుండా చేతిలో ఉంచుకోండి. సముద్రం బాగుండక పడవ ఆగిపోయిన రోజున అది మిమ్మల్ని కాపాడుతుంది. నికోబార్ ఆలోచన మానుకోండి. జారవాల దారిలో వెళ్లవద్దు.

నేను జంతుశాస్త్రం బోధించేవాడిని. ఉద్యోగంలో ఉన్నప్పుడు విద్యార్థులతోనూ, విరమణ తరువాత పక్షులను చూసే మిత్రులతోనూ కలిపి ఈ దీవులకు పదకొండు సార్లు వెళ్లాను. మొదటి రెండు ప్రయాణాల్లో మీ ఏజెంటు చెబుతున్నట్టే పరుగులు పెట్టాను. జెట్టీలలో నిలబడిన గంటలే నాకు గుర్తున్నాయి తప్ప చూసిన దీవులు గుర్తులేవు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా పేర్ల గురించి ఒక మాట. 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని, రాజధానికి ఎదురుగా ఉన్న రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం అన్నారు. పడవవాళ్లు, ఆటోవాళ్లు మాత్రం పాత పేర్లే వాడుతున్నారు కాబట్టి రెండూ గుర్తుంచుకోండి. దిగ్లీపూర్ దగ్గర రాస్ అనే పేరుతోనే మరొక దీవి ఉంది. ఆటు సమయంలో ఇసుక తిన్నె తేలి అది స్మిత్ దీవితో కలుస్తుంది. ఈ రెండు రాస్‌లనూ కలగాపులగం చేసి టికెట్లు తీసుకున్నవారిని నేను చూశాను.

ఇక అసలు విషయం. వన్యప్రాణులకు కొన్ని రోజులు, చరిత్రకు కొన్ని రోజులు అని మీరు విడదీసి రాశారు. అండమాన్‌లో ఆ విభజన కుదరదు. అక్కడ మీకు కనిపించే చాలా జంతువులు, చెట్లు, చివరికి నీటిమడుగులు కూడా ఎవరో తెచ్చి వదిలినవో, ఎవరో నరికి మిగిల్చినవో, భూకంపం మార్చి పెట్టినవో అయి ఉంటాయి. ఇది తెలిసి చూస్తే ఒకే చోట రెండూ కనిపిస్తాయి.

నేతాజీ ద్వీప్‌నే తీసుకోండి. 1858లో ఆంగ్లేయులు ఖైదీలను ఉంచే శిక్షా వలసను స్థాపించిన తరువాత 1941 వరకు అధికారులు నివసించిన చోటు అది. ఆ దీవిలో చర్చి, బేకరీ, క్లబ్బు ఉండేవి. ఇప్పుడు ఆ గోడలను మర్రి జాతి చెట్లు పట్టుకుని నిలబెట్టాయి. ఒక కిటికీ దగ్గర ఆగి చూడండి. ఇటుకల మధ్య సున్నం రాలిపోయిన సందులోకి సన్నని వేరు దిగి, అడుగు తరువాత అడుగు లావెక్కి, కింద నేలను తాకే చోట మనిషి నడుమంత అవుతుంది. ఆ వేళ్లను కోసేస్తే గోడ కూలిపోతుంది. అదే గోడ నీడలో చుక్కల దుప్పులు మనిషికి బెదరకుండా మేస్తుంటాయి. అవి ఆ దీవుల జంతువులు కావు. ప్రధాన భూభాగం నుంచి ఆంగ్లేయులు తెచ్చి వదిలారు. పులి, చిరుత వంటి వేటాడే జంతువులేవీ అక్కడ లేకపోవడంతో అవి విపరీతంగా పెరిగి, ఎన్నో దీవుల్లో అడవి మొలకలను తినేస్తున్నాయి. యాత్రికులు వాటికి బిస్కెట్లు పెట్టి ఫోటోలు తీసుకుంటారు. దయచేసి మీరు పెట్టవద్దు.

ఇలాంటిదే ఇంటర్వ్యూ దీవి ఏనుగుల కథ. కలప మోయడానికి తెచ్చిన ఏనుగులను వ్యాపారం మూతపడ్డాక అక్కడే వదిలేశారు. వాటి సంతతి అడవి ఏనుగుల్లా బతికింది. తోటల్లో కనిపించే పెద్ద ఆఫ్రికా నత్త 1942 నుంచి 1945 వరకు ఈ దీవులను ఆక్రమించుకున్న జపాన్ సైన్యం వెంట వచ్చిందని చెబుతారు. కలప సంగతి చూడాలంటే చాథమ్ రంపపు మిల్లుకు వెళ్లండి. అది 1883 నుంచి ఉంది. యుద్ధకాలంలో బాంబు పడి ఏర్పడిన గొయ్యి ఇప్పటికీ ఆ ఆవరణలోనే ఉంది. ఎర్రటి పడౌక్ దుంగ రంపం కింద చీలుతున్నప్పుడు, ఆ దుంగలను మొదట అడవిలోంచి లాగినవారు ఖైదీలన్న సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు సెల్యులార్ జైలు. ఏజెంట్లు దీనికి సాయంత్రం ఒక్క గంట కేటాయించి, ధ్వని, కాంతి ప్రదర్శన చూపించి వెనక్కి తీసుకొస్తారు. నా సలహా దీనికి పూర్తిగా విరుద్ధం. ఉదయం గేటు తెరవగానే లోపలికి వెళ్లండి, ప్రదర్శనను మరుసటి రోజు సాయంత్రానికి పెట్టుకోండి. మొదటి అరగంట జనం ఉండరు. ఆ అరగంటలో ఒక గదిలోకి వెళ్లి ఒంటరిగా నిలబడండి. నాలుగైదు అడుగులు వేస్తే ఎదురు గోడ వస్తుంది. వెలుతురు వచ్చే చిన్న కిటికీ చేతికి అందనంత ఎత్తులో ఉంటుంది. తరువాత బయటికి వచ్చి గడియను చూడండి. అది తలుపు మీద ఉండదు. పొడవాటి ఇనుప కమ్మీ తలుపు నుంచి పక్క గోడలోకి వెళ్లి, అక్కడ చెక్కిన చిన్న గూటిలో ముగుస్తుంది. ఖైదీ ఊచల మధ్య నుంచి చేయి ఎంత చాపినా అది అందకూడదన్నదే దాని ఉద్దేశం. నేను తీసుకెళ్లిన విద్యార్థులందరూ ఒక్కొక్కరుగా లోపల నిలబడి చేయి చాపి చూశారు. పాఠంగా చెప్పినప్పుడు కలగని మౌనం ఆ గడియ దగ్గర కలిగింది.

1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ జైలును కట్టినవారు కూడా ఖైదీలే. మధ్యలోని బురుజు నుంచి సైకిలు చక్రం ఆకుల్లా ఏడు విభాగాలు, మూడు అంతస్తులు, 690కి పైగా ఒంటరి గదులు. ప్రతి గదికీ ఎదురుగా కనిపించేది పక్క విభాగపు వెనుక గోడ మాత్రమే, కాబట్టి ఒక ఖైదీకి మరొక ఖైదీ ముఖం కనబడదు. ఇప్పుడు మిగిలింది మూడు విభాగాలే. కూల్చేసిన చోట ఆసుపత్రి ఉంది. ఆవరణలో నూనె గానుగ నమూనా ఉంటుంది. రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలన్న లెక్కను చదివాక ఆ కాడిని చూడండి, ఎద్దు మెడకు కట్టేది మనిషి భుజానికి కట్టారు. 1933 నిరాహార దీక్షలో బలవంతంగా పాలు ఎక్కించడం వల్ల మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా మరణించారు. 1937లో మళ్లీ సాగిన దీక్ష తరువాత, 1938 ఆరంభానికి రాజకీయ ఖైదీలను ప్రధాన భూభాగానికి తరలించారు. 1979 ఫిబ్రవరి 11న దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

మధ్య బురుజులో పాలరాతి పలకల మీద ప్రాంతాలవారీగా పేర్లు చెక్కి ఉన్నాయి. తెలుగువారు ఆ పలకల ముందు కాసేపు ఆగాలి. అల్లూరి సీతారామరాజు నడిపిన 1922-24 రంప పోరాటంలో పట్టుబడిన మన్యం యోధులను ఇక్కడికి పంపారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి కూడా ఈ జైలులో ఉన్నారు. అడవి కొండల్లో పుట్టి పెరిగిన మనిషి ఈ గోడల మధ్య ఎలా గడిపాడో అన్న ఆలోచన నన్ను ప్రతిసారీ అక్కడే నిలబెట్టేస్తుంది.

చరిత్రకు జైలు ఒక్కటే చాలదు. సముద్రపు పాయకు అవతల ఉన్న మౌంట్ హారియట్ (2021 నుంచి మౌంట్ మణిపూర్) తప్పకుండా ఎక్కండి. పైదాకా వాహనం వెళ్తుంది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు మీద బొమ్మ ఇక్కడి నుంచి కనిపించే దృశ్యమే. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ మేయో ఈ కొండ మీద సూర్యాస్తమయం చూసి దిగి, హోప్‌టౌన్ జెట్టీలో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు. ఈ కొండ చుట్టూ ఉన్న జాతీయ ఉద్యానవనం పక్షులకూ మంచి చోటు. అండమాన్ వడ్రంగిపిట్టను నేను స్పష్టంగా చూసింది ఇక్కడే. ఒళ్లంతా నలుపు, మగదానికి తల మీద ఎర్రని జుట్టు. ఎండిన మాను మీద అది కొట్టే దెబ్బ చాలా దూరం వినిపిస్తుంది.

ఈ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని పక్షులు ఇరవైకి పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం చూడడానికి రాజధాని చుట్టుపక్కల నాలుగు ఉదయాలు, నాలుగు సాయంత్రాలు చాలు. చిడియా టాపు సుమారు పాతిక కిలోమీటర్ల దూరం. అందరూ సూర్యాస్తమయం చూసి వెనుదిరుగుతారు. మీరు ఒక స్థానిక పక్షి గైడును వెంటపెట్టుకుని మరో గంట ఉండండి, ఎందుకంటే అక్కడి గుడ్లగూబలు అప్పుడే పలకడం మొదలుపెడతాయి. గుడ్లగూబ కళ్లలోకి టార్చి వేసి పట్టుకునే గైడుకు మాత్రం వద్దని చెప్పండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సిప్పీఘాట్. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. ఒకప్పటి వరి పొలాల్లోకి, కొబ్బరి తోటల్లోకి ఉప్పునీరు వచ్చి ఉండిపోయింది. మొండి మానులు ఇప్పటికీ నీటిలో నిలబడి ఉన్నాయి. రైతులు నష్టపోయిన ఆ చోటికే కొంగలు, ఉల్లంకి పిట్టలు, అండమాన్ బాతులు వచ్చి చేరాయి. కంటి చుట్టూ తెల్లని మచ్చ ఉండే ఆ గోధుమరంగు బాతును రోడ్డు పక్కన నిలబడే చూడవచ్చు. అదే భూకంపం ఉత్తర అండమాన్‌లో నేలను పైకి లేపింది; నీటిలో ఉండాల్సిన పగడపు దిబ్బలు గాలికి తేలి చచ్చిపోయాయి. దిగ్లీపూర్ తీరంలో నడిచేటప్పుడు ఆ తెల్లని దిబ్బలను గమనించండి.

పగడాల కోసం వందూర్ దగ్గరి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు ఉత్తమం. 1983లో ఏర్పడిన ఈ పార్కులో జాలీ బోయ్, రెడ్ స్కిన్ దీవులను సంవత్సరంలో ఒక్కొక్క కాలంలో ఒక్కొక్కటి మాత్రమే తెరుస్తారు. నేను చెప్పిన నెలల్లో జాలీ బోయ్ తెరిచి ఉంటుంది. అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి, ప్లాస్టిక్ సీసాలు పడవలోకి అనుమతించరు. ఒక నిజం కూడా చెప్పాలి. 2010లో సముద్రం బాగా వేడెక్కి ఇక్కడి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. అంతకుముందు చూసిన నాకు ఇప్పుడు చూస్తే బాధ కలుగుతుంది. అయినా గాజు అడుగు పడవలో మీకు చేపలు, సజీవమైన పగడాలు తప్పక కనిపిస్తాయి. నీళ్లలో దిగితే పగడం మీద కాలు పెట్టవద్దు, తీరంలో దొరికిన ముక్కను కూడా సంచిలో వేసుకోవద్దు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మా బృందంలో ఒకరి మనవడు ఏరుకున్న అరచేతి వెడల్పు చచ్చిన పగడం విమానాశ్రయంలో బయటపడి, వివరణలు రాసి ఇచ్చేసరికి విమానం ఎక్కడమే కష్టమైంది.

స్వరాజ్ ద్వీప్‌కు రెండు రాత్రులు చాలు. రాధానగర్ తీరం అందమైనదే. అక్కడా, మడ అడవులున్న ప్రతి చోటా మొసలి హెచ్చరిక బోర్డులను పట్టించుకోండి. ఇవి ఉప్పునీటి మొసళ్లు, సముద్రంలో ఈదుతూ దీవి నుంచి దీవికి వెళ్లగలవు. 2010లో రాధానగర్ పక్కన ఒక విదేశీ యాత్రికురాలు మొసలి దాడిలో మరణించారు.

ఇక దిగ్లీపూర్. ఏజెంట్లు దీనిని సాధారణంగా చూపించరు, దూరం కాబట్టి. మీరు తాబేళ్ల కోసం వెళ్తున్నారు కాబట్టి ఇదే మీ యాత్రకు కేంద్రం. కాలీపూర్ తీరంలో నాలుగు జాతుల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి: ఆలివ్ రిడ్లే, పచ్చ తాబేలు, డేగముక్కు తాబేలు, అరుదుగా లెదర్‌బ్యాక్. అటవీ శాఖ గుడ్లను కంచె లోపల పాతిపెట్టి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలోకి వదులుతుంది. ఫిబ్రవరిలో వెళ్తే ఒకే రాత్రి గుడ్లు పెట్టే తల్లినీ, తెల్లవారుజామున నీటి వైపు పాకే పిల్లలనూ చూసే అవకాశం ఉంటుంది. నేను వెళ్లిన ఐదు సార్లలో రెండు సార్లు తల్లి తాబేలు రానేలేదు. అందుకే మూడు రాత్రులు అంటున్నాను.

ఆ రాత్రి మీరు చేయవలసింది చాలా తక్కువ. సెల్‌ఫోను జేబులో పెట్టేయండి. తాబేలు నీటి నుంచి పైకి వచ్చేటప్పుడు కదలకుండా కూర్చోండి. వెలుతురు కనిపిస్తే అది గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. గొయ్యి తవ్వి గుడ్లు పెట్టడం మొదలయ్యాక, అటవీ సిబ్బంది అనుమతిస్తే, వెనుక వైపు నుంచి దగ్గరికి వెళ్లవచ్చు. వెనుక కాళ్లు రెండూ వంతులవారీగా చేటలా మడిచి ఇసుకను ఎత్తి పక్కకు వేస్తాయి. అది తన గొయ్యిని చూడదు, చూడలేదు. అంతా కాలి స్పర్శతోనే. పెట్టడం అయ్యాక ఇసుక కప్పి, పొట్టతో అదిమి, బరువుగా ఊపిరి వదులుతూ వెళ్లిపోతుంది. ఆ ఊపిరి చప్పుడు పది అడుగుల దూరానికి వినిపిస్తుంది. ఓపిక ఉంటే పగలు సాడిల్ పీక్ దారిలో కొంత దూరం నడవండి. 732 మీటర్ల ఆ శిఖరమే ఈ దీవులన్నిటిలో ఎత్తైనది. మీ వయసుకు పైదాకా వెళ్లనవసరం లేదు, మొదటి రెండు మూడు కిలోమీటర్ల తీరపు అడవిలోనే పక్షులు పుష్కలం.

దిగ్లీపూర్ చేరే దారి దగ్గరే జారవాల ప్రశ్న వస్తుంది. అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు జారవాల రిజర్వు అడవిలోంచి వెళ్తుంది. పోలీసు కాపలాతో వాహనాలను వరసగా పంపుతారు. ఆగడం, ఫోటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. నియమాలన్నీ పాటించినా నేను ఆ దారిని వద్దంటాను. మొదటి ప్రయాణంలో నేనూ అందులో వెళ్లాను. మా బస్సులో ఉన్న వారంతా కిటికీల వైపు జరిగి, రోడ్డు పక్కన నిలబడిన ఒక తల్లీబిడ్డలను చూడడానికి మెడలు చాచారు. ఆ తల్లి బిడ్డను తన వెనక్కి లాక్కుంది. నేను మళ్లీ ఆ రోడ్డు ఎక్కలేదు.

కారణం భావావేశం ఒక్కటే కాదు. బయటివారి వ్యాధులను తట్టుకునే శక్తి ఈ తెగలకు లేదు. 1858 నాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1877 నాటి తట్టు వంటి వ్యాధులతో కొద్దిమందికి తగ్గిపోయారు. వారి భాషల్లో ఒకటైన బో మాట్లాడిన చివరి మనిషి బోవా సీనియర్ 2010లో కన్నుమూశారు. జారవాలు 1998లో అడవి బయటికి రావడం మొదలుపెట్టాక, మరుసటి సంవత్సరమే వారిలో తట్టు వ్యాపించింది. 2002లో సుప్రీంకోర్టు ఈ రోడ్డును మూసేయమని ఆదేశించినా రాకపోకలు ఆగలేదు. ఆ తెగల గురించి తెలుసుకోవాలంటే రాజధానిలోని మానవశాస్త్ర మ్యూజియంలో ఒక పూట గడపండి. అక్కడి పడవలు, విల్లంబులు, బుట్టలు చూస్తే వారి నైపుణ్యం పట్ల గౌరవం కలుగుతుంది.

బదులు దారి ఉంది. స్వరాజ్ ద్వీప్ నుంచి లాంగ్ ఐలాండ్ మీదుగా రంగత్‌కు వారంలో కొన్ని రోజులు ప్రభుత్వ పడవ నడుస్తుంది. రంగత్ నుంచి మాయాబందర్ మీదుగా దిగ్లీపూర్‌కు బస్సులు, కార్లు దొరుకుతాయి. ఈ భాగంలో జారవాల అడవి తగలదు. పడవ రోజులు మారుతుంటాయి కాబట్టి రాజధానిలో దిగిన రోజే నౌకా రవాణా కార్యాలయంలో అడిగి, దానికి అనుగుణంగా స్వరాజ్ ద్వీప్ తేదీలను సర్దుకోండి.

నికోబార్ విషయంలో సమాధానం చిన్నది. పది డిగ్రీల జలసంధికి దక్షిణాన ఉన్న ఆ దీవులు గిరిజన రక్షిత ప్రాంతం; సాధారణ యాత్రికులకు అనుమతి ఇవ్వరు. నార్కొండం హార్న్‌బిల్ అనే పెద్దముక్కు పక్షి కూడా మీకు కనిపించదు. అది ఉండేది ఏడు చదరపు కిలోమీటర్లకు మించని ఒక్క దీవిలోనే. ఎవరైనా డబ్బు తీసుకుని చూపిస్తామంటే నమ్మవద్దు.

రోజు ప్రణాళిక వేసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. దేశమంతటా గడియారం ఒకటే, కానీ ఈ దీవులు చాలా తూర్పున ఉన్నాయి. ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరితే పక్షులు లేవు, వెలుగూ మిగలదు. ఐదింటికే లేవండి, మధ్యాహ్నం పడుకోండి. రాజధాని దాటాక ఇంటర్నెట్ నమ్మదగినది కాదు కాబట్టి నగదు, అనుమతి పత్రాల కాగితపు ప్రతులు దగ్గర ఉంచుకోండి. దుర్భిణి ఒక్కటే ఉంటే ఇద్దరికీ చాలదు, రెండోది తప్పక తెచ్చుకోండి.

తిరుగు ప్రయాణానికి మీకు మరో మూడు రోజుల సమయం ఉంటే, విమానం బదులు విశాఖపట్నం వచ్చే ఓడ ఎక్కమంటాను. నెలకు ఒకసారి మించి ఉండదు, తేదీలు ముందుగా ప్రకటిస్తారు, రెండు రోజులకు పైగా పడుతుంది. క్యాబిన్ తరగతి టికెట్టే తీసుకోండి, ఆకలికి అటుకులో జంతికలో వెంట ఉంచుకోండి, వాంతుల మాత్ర ఓడ కదలకముందే వేసుకోండి. వేకువన డెక్ మీదికి వస్తే ఓడ ముక్కు నుంచి ఎగిరే చేపలు గుంపులుగా లేచి అలల మీదుగా జారిపోవడం కనిపిస్తుంది. ఖైదీలను కాలాపానీ అని భయపెట్టి దాటించిన సముద్రం అదే. తేదీలు కుదిరితే చెప్పండి, ఆ ఓడ టికెట్లు ఎప్పుడు అమ్ముతారో, ఏ కాగితాలు కావాలో విడిగా రాస్తాను.